ర్యాంకు కార్డులో మన పేరు లేకపోతే మనం లేనట్టేనా?



తునికాకు సీజనూ, ఇంటర్ ఫలితాలూ దాదాపు ఒకేసారి వస్తాయి. మన గూడేల్లో పిల్లలకు వేసవి సెలవులంటే ఈ రెండే. కోడి కూయకముందే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు ఆకు మోసుకొచ్చి, ఇంటి ముందు నీడలో కూర్చుని 50 ఆకులకొక కట్ట కడతారు. సాయంత్రం కల్లంలో అప్పజెప్తారు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. నిన్న ఎన్ని, ఇయ్యాల ఎన్ని, పోయినేడు రేటెంత, ఈ ఏడు ఎంత, బోనస్ ఎంత రావాలి, అంతా నోటి లెక్కే. ఒక్క కట్ట తేడా వచ్చినా కల్లేదారును నిలబెట్టి అడుగుతుంది మన చెల్లె.

అదే చెల్లె, అదే రోజు, ఎవరి ఫోన్లోనో రిజల్టు చూసుకుని "అన్నా, నేను లెక్కల్ల వీకు. నాకు చదువు ఎక్కదు. ఇగ పోను" అంటది.

పోయినేడు మా గూడెంలో ఈ మాట నా చెవులతో విన్నాను. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. సభల్లో మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడేవాణ్ని, ఆ పిల్ల ముందు నోరు పెగల్లేదు. ఎందుకంటే ఒకప్పుడు నా గురించి నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆమెకొక్కదానికే కాదు, ఈ ఎండాకాలం ఆ మాట అనుకున్న ప్రతి తమ్ముడికీ, ప్రతి చెల్లెకూ.

ముందు ఒక సంగతి చూడండి. ఫలితాలొచ్చిన మర్నాడు మండల కేంద్రంలో బస్టాండు దగ్గర నిలబడండి. ఎటు చూసినా ఫ్లెక్సీలే. 990, 987, 985. పక్కన పిల్లల ఫొటోలు, కింద కాలేజీ పేరు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచిపోయే వందల మంది పిల్లలు దాన్ని చదువుకుంటారు. అందులో లేనిది తమ ముఖమని గుర్తుపడతారు. ఆ కాలేజీలో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరు తప్పారు, ఆ అంకెలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు. గెలిచిన పదిమందిని చూపించి మిగతా అందరినీ ఓడినోళ్ల లెక్కలో వేసే పద్ధతి ఇది. డబ్బున్నోళ్ల పట్నం కాలేజీల్లో మొదలైంది, ఇప్పుడు మన ఏజెన్సీ దాకా వచ్చింది. మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో కూడా ఇప్పుడు మార్కుల భాషే నడుస్తోంది.

నేను ఇంటర్ చదివిన చోట ప్రతి శనివారం పరీక్ష. సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద జాబితా. ఆ జాబితా ప్రకారమే కూర్చోవాలి. ముందు బెంచీల వాళ్లకు వేరే మెటీరియల్, సాయంత్రం స్పెషల్ క్లాసు. వెనక బెంచీల వాళ్లకు "మీరు పాసైతే చాలు" అన్న మాట. నేను మూడో బెంచీలో మొదలుపెట్టి ఆరో బెంచీ దాకా జారాను. జారుతున్న ప్రతి సోమవారం నాకు లెక్కలు రావని కాదు, నాకు బుర్ర లేదని నమ్మడం నేర్చుకున్నాను. ఈ రెండూ వేరువేరు సంగతులని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

చివరి బెంచీలో నా దోస్తు ఒకడుండేవాడు. హాస్టల్లో నీళ్ల మోటారు చెడితే టౌను నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగేవాళ్లం కాదు. వాడే విప్పి, వైండింగు చూసి, సరిచేసేవాడు. సార్లు కూడా వాణ్నే పిలిచేవాళ్లు. అదే సార్లు క్లాసులో వాణ్ని "వేస్టుగాడు" అనేవాళ్లు. రెండో ఏడాది మధ్యలో వాడు మానేశాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంటుందని, దానికి పదో తరగతి చాలని, తర్వాత కరెంటు డిపార్టుమెంటు ఉద్యోగాలకు దారి ఉంటుందని వాడికి ఒక్కరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే అందరి దృష్టిలో ఐటీఐ అంటే ఓడిపోయినోళ్లు పోయే చోటు. ఈ రోజుకీ ఊళ్లో ఎవరి మోటారు కాలినా వాణ్నే పిలుస్తారు. చేతిలో సర్టిఫికెట్ మాత్రం లేదు.

నా సంగతి కూడా చెప్తాను. నాకు చరిత్ర ఇష్టం. జోడేఘాట్ గురించి, ఇంద్రవెల్లి గురించి ఎవరు చెప్పినా నోరు తెరుచుకుని వినేవాణ్ని. కానీ పదిలో మంచి మార్కులొచ్చాయి కాబట్టి ఎంపీసీ తీసుకున్నాను. "ఇన్ని మార్కులు తెచ్చుకుని హెచ్‌ఈసీనా?" అని నవ్వుతారని భయం. అంటే నా మార్కులే నా ఇష్టాన్ని చంపాయి. రెండేళ్లు నన్ను నేను తిట్టుకుంటూ గట్టెక్కి, ఆ తర్వాత బీఏలో చేరాకే చదువంటే ఇంత తీపి ఉంటుందా అనిపించింది.

మిత్రులారా, ఇక్కడ ఆగి ఆలోచించండి. మనలో ఎంతమంది గ్రూపును ఇష్టంతో ఎంచుకున్నారు? ఎంతమంది పరువుతో ఎంచుకున్నారు? ఎక్కువ మార్కులొస్తే ఎంపీసీ, బైపీసీ. తక్కువొస్తే సీఈసీ. ఇంకా తక్కువొస్తే ఐటీఐ, పాలిటెక్నిక్. అసలేం రాకపోతే కూలి. చదువులను ఇట్లా మెట్లుగా పేర్చింది ఎవరు? చదువుకు ఎక్కువ తక్కువలు లేవు, అవి కొనేవాడు పెట్టిన ధరలు. ఆ ధరలనే మనం మన విలువ అనుకుంటున్నాం.

ఇప్పుడు పరుగు పందెం మాటకొద్దాం. పోటీ న్యాయమైనది అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఒకటే చెప్తారు: అందరికీ ఒకే పేపరు, ఒకే టైము. నిజమే, పేపరు ఒకటే. గీత ఒకటి కాదు.

మా ఇంట్లో నీళ్లను "ఏరు" అంటాం. ఒకటో తరగతిలో సారు గ్లాసు చూపించి ఇదేంటని అడిగితే "ఏరు" అన్నాను. క్లాసంతా కాదు, సారు ఒక్కరే నవ్వారు. ఏరంటే వాగు రా అన్నారు. తెలుగులో అది వాగే. కోయలో నీళ్లు. నేను తప్పు చెప్పలేదు, నా భాషలో సరిగ్గా చెప్పాను. కానీ బడిలో నా మొదటి జవాబు తప్పుగా నమోదైంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. మంచి ఆలోచన. ఆ పుస్తకం మా బడిలో చూసిన గుర్తు మాత్రం నాకు లేదు. ఇంటి భాష ఒకటి, బడి భాష తెలుగు, ఇప్పుడు పరీక్ష భాష ఇంగ్లిష్. పట్నం పిల్లాడు ఒక భాష దాటితే మన పిల్ల రెండు దాటి పరీక్ష హాలుకు చేరుతుంది. అక్కడ ఇద్దరికీ టైము మూడు గంటలే.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం అక్షరాస్యత 73 శాతం, ఆదివాసీలది 59 శాతం. ఈ తేడా బుర్రల తేడా అని ఎవరైనా అంటే నమ్ముతారా? నమ్మరు కదా. మరి మీ మార్కుల జాబితా చూసుకున్నప్పుడు మాత్రం అది మీ బుర్ర తేడా అని ఎందుకు నమ్ముతున్నారు?

మన భాష తెలిసిన టీచరు మన బడిలో ఉండాలనే షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టుల్లో నూటికి నూరు శాతం స్థానిక ఆదివాసీలకే ఇస్తూ 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆదివాసీలకు ఆదివాసీలే పాఠం చెప్పాలనే ఆలోచననే తీర్పు తప్పుబట్టింది. మిగతా వాళ్ల అవకాశం, మెరిట్ అన్న మాటలు అందులో ఉన్నాయి. గ్లాసులో నీళ్లను "ఏరు" అన్న పిల్ల సంగతి ఎక్కడుంది? మెరిట్ అన్న మాట ఎక్కడెక్కడి దాకా పోయి మన తలుపు మూస్తుందో చూడండి. జీవో 3 కోసం మనం రోడ్డెక్కింది ఉద్యోగాల కోసమే అని చాలామంది అనుకుంటారు. మొదటి బెంచీ మీద కూర్చోబోయే పిల్ల కోసం కూడా అని మనం గట్టిగా చెప్పాలి.

ఇక "కోటా" అన్న మాట. కాలేజీలో చేరిన ప్రతి ఆదివాసీ విద్యార్థి ఈ మాట విన్నాడు. "నీకేంది, ఎస్టీ కదా, సీటొస్తది." ఈ మాట విని విని మనలో కొందరు ఏం చేస్తున్నారో తెలుసా? ఇంటిపేరు పొడి అక్షరం చేసి దాచేస్తున్నారు. హాస్టల్లో అమ్మ ఫోన్ చేస్తే పక్కనున్నోళ్లకు తెలియకుండా తెలుగులో మాట్లాడుతున్నారు. అమ్మ అటు నుంచి కోయలో అడుగుతుంది, మనం ఇటు నుంచి తెలుగులో జవాబు చెప్తాం. నేనూ చేశాను. ఒకసారి అమ్మ అడిగింది, "పక్కన ఎవరన్నా ఉన్నారా బిడ్డా?" అని. ఆ రోజు నుంచి మానేశాను.

రిజర్వేషన్ దయ కాదు. రాజ్యాంగ సభలో మన తరఫున నిలబడ్డ జైపాల్ సింగ్ ముండా 1946 డిసెంబరులోనే ఆదివాసీలకు ప్రజాస్వామ్యం ఎవరూ నేర్పనక్కర్లేదని, మన దగ్గరే నేర్చుకోవాలని సభకు చెప్పాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. ఐసీఎస్‌కు ఎంపికయ్యాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా పోయాడు, ఆ జట్టు బంగారు పతకం తెచ్చింది. ఐసీఎస్‌ను మాత్రం వదులుకున్నాడు. ఆ కాలంలో ఈ దేశంలో అంతకంటే పెద్ద ర్యాంకు లేదు. తర్వాత ఆదివాసీ మహాసభకు నాయకుడయ్యాడు. ఈ రోజు కేంద్రంలో మనకున్న 7.5 శాతం, తెలంగాణలో 2022లో 6 నుంచి 10 శాతమైన వాటా, ఇవన్నీ అట్లాంటి వాళ్లు నిలబడి సాధించిన హక్కుకు కొనసాగింపు. పొలంలో మన వాటా తీసుకోవడానికి సిగ్గుపడతామా? ఇదీ అంతే.

గెలిస్తే ఈ మాట ఆగిపోతుందని కూడా అనుకోకండి. డాక్టర్ పాయల్ తడ్వీ ఆదివాసీ బిడ్డ. ఎంబీబీఎస్ చదివింది, ముంబైలో పీజీ సీటు తెచ్చుకుంది. ఈ సమాజం పెట్టిన అన్ని పోటీల్లో గెలిచింది. కులం పేరుతో, రిజర్వేషన్ పేరుతో సీనియర్లు వేధించారని ఆమె కుటుంబం ఆరోపించింది, కేసు నమోదైంది. 2019 మేలో ఆమె ప్రాణం తీసుకుంది. వయసు 26. అందుకే మీకు చెప్తున్నాను: ర్యాంకు తెచ్చుకుంటే గౌరవం దానంతటదే వస్తుందన్నది నిజం కాదు. మన గౌరవం కోసం మనం కలిసి నిలబడాలి, ర్యాంకు వచ్చినా రాకపోయినా.

అదే ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాక 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ మళ్లీ చూస్తే 1000 మందికి పైగా పాసయ్యారు. అంటే ఒక కాగితం మీది అంకె తప్పు కూడా కావచ్చు. సరైనదే అయినా, ఒక ప్రాణానికి అది కొలత కాదు. 2022లో దేశవ్యాప్తంగా ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని ప్రభుత్వ నేర గణాంకాలే చెప్తున్నాయి. తమ్ముడూ, చెల్లె, నీకు అట్లాంటి ఆలోచన వస్తే దాచుకోకు. అన్నకో, అక్కకో, దోస్తుకో చెప్పు. 14416కు ఫోన్ చెయ్, టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టనక్కర్లేదు. సాయం అడగడం ఓటమి కాదు.

కొందరు మిత్రులు నన్ను అడుగుతారు: "అయితే పోటీ వద్దంటవా? మన పిల్లలు డాక్టర్లు, కలెక్టర్లు కావొద్దా?" కావాలి. ఒక్క ఎస్టీ సీటు ఖాళీగా పోకూడదు. నీట్ రాయండి, జేఈఈ రాయండి, గ్రూప్స్ రాయండి, రాత్రింబవళ్లు చదవండి. మన ఏజెన్సీ ఆసుపత్రిలో మన భాష తెలిసిన డాక్టరు ఉంటే ఎన్ని ప్రాణాలు నిలబడతాయో నాకు తెలుసు. నా గొడవంతా పోటీకి ఇచ్చిన పెత్తనం మీదే. పరీక్ష ఒక తలుపు. ఆ తలుపు తెరుచుకోకపోతే ఇంకో తలుపు తట్టాలి. తలుపు తెరుచుకోనందుకు మనిషే పనికిరాడు అనడం అన్యాయం.

మన పెద్దలకు పోటీ తెలియదా? తెలుసు. భూమి పండుగ నాడు మగవాళ్లంతా వేటకు పోయేవాళ్లు. ఖాళీ చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఆట పట్టించి, నవ్వి, నానా యాగీ చేసేవాళ్లు. కానీ దొరికిన మాంసం మాత్రం ప్రతి ఇంటికీ పోయేది. బాణం తగిలిన వాడింటికీ, గురి తప్పిన వాడింటికీ, వేటకు పోలేని ముసలమ్మ ఇంటికీ. నవ్వులాట అక్కడితో అయిపోయేది, ఆకలి ఎవరికీ మిగిలేది కాదు. ఇప్పుడు చూడండి, ఒకడికి సీటొస్తే వాడొక్కడి ఇంటి పండుగ. వాడి నోట్సు పక్కవాడికి దొరకదు. పట్నంలో ఉద్యోగమొచ్చిన అన్న గూడేనికి రావడానికి మొహమాటపడతాడు, రాని తమ్ముడు ఆ అన్నను చూసి తలుపు చాటుకు పోతాడు. బయటి వాళ్ల పోటీ మనలో మనకు పెట్టిన దూరం ఇది.

మన పోరాటానికి ఏ చదువులు కావాలో ఒక్కసారి లెక్కేద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు ఎవరు రాస్తారు? 1996 పెసా చట్టం ప్రకారం గ్రామసభ తీర్మానం ఎట్లుండాలో ఎవరు చెప్తారు? దానికి లా చదివినోళ్లు కావాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా క్లాట్ రాయొచ్చు, హైదరాబాద్ నల్సార్‌లో మనకూ సీట్లున్నాయి. భూమి హద్దు కొలిచే సర్వేయరు కావాలి. కోయకు, కొలామికి నిఘంటువు రాసే భాషా శాస్త్రవేత్త కావాలి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది, దానికి ఫాంట్లు, కీబోర్డులు, పుస్తకాలు చేసే పిల్లలు కావాలి. అడవిని మన కళ్లతో చదివే ఫారెస్ట్రీ విద్యార్థులు కావాలి, సిద్దిపేట జిల్లా ములుగులో కాలేజీ ఉంది. నర్సులు కావాలి, రిపోర్టర్లు కావాలి, మోటారు బాగుచేసే ఎలక్ట్రీషియన్లు కావాలి. ఇందులో సగం చదువులకు ఫ్లెక్సీ పడదు. ఒక్కటి లేకున్నా గూడెం నడవదు.

అందుకే ఈ వేసవిలో నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, ఫలితాలొచ్చిన రోజు ఏ పిల్లనూ "ఎన్నొచ్చినయ్?" అని మొదట అడగొద్దు. "తిన్నవా? ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నవ్?" అని అడుగుదాం. చిన్న మార్పే. అడిగి చూడండి, పిల్లల ముఖం మారుతుంది.

రెండు, ప్రతి గూడెంలో డిగ్రీ దాకా పోయినోళ్లం ఒక సాయంత్రం కూర్చుని అన్ని దార్లూ చెప్దాం. సప్లిమెంటరీ ఫీజు గడువు, ఓపెన్ స్కూలు, ఐటీఐ, పాలిటెక్నిక్, నర్సింగ్, లా, డిగ్రీ. ఐటీడీఏ ఆఫీసు నుంచి కాగితాలు తెచ్చి చదివి వినిపిద్దాం. తల్లిదండ్రులకు మన భాషలో చెప్దాం.

మూడు, ఈ ఏడు సన్మానం చేస్తే టాపరుతో పాటు మూడోసారి రాసి పాసైన తమ్ముణ్ని, పెళ్లి చేస్తామంటే కాదని కాలేజీకి పోయిన చెల్లెను, హాస్టల్లో చిన్నపిల్లలకు పాఠం చెప్పిన అక్కను కూడా వేదిక మీదకు పిలుద్దాం.

నాలుగు, మార్కుల ప్రకారం బెంచీలేసే పద్ధతి, "వేస్టు" అన్న మాట మన ప్రభుత్వ హాస్టళ్లలో, గురుకులాల్లో ఎక్కడ కనిపించినా విద్యార్థి సంఘాలుగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేద్దాం. ఖాళీ టీచరు పోస్టుల గురించి కొట్లాడినంత గట్టిగా దీని గురించీ కొట్లాడాలి.

ఆ చెల్లె సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు నాకు మాట రాలేదు గానీ, మర్నాడు ఆమె తునికాకు కార్డు తీసుకుని ఇంటికి పోయాను. "ఈ కార్డు మీద లెక్క ఎవరు చేసిండ్రు?" అన్నాను. "నేనే." "తప్పుందా?" "ఎందుకుంటది?" అంది కోపంగా. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె అమ్మ తునికాకు డబ్బుల్లోంచే సప్లిమెంటరీ ఫీజు కట్టింది. పాసైంది. ఫ్లెక్సీ ఏమీ పడలేదు. డిగ్రీలో చేరింది. ఈ సీజన్లో మా గూడెం ఆడవాళ్లంతా తమ కార్డులు ఆమెతోనే చూపించుకుంటున్నారు.

మీ గూడెంలో అట్లాంటి పిల్ల ఇప్పుడు ఎక్కడో ఫోన్ పక్కన పెట్టేసి, తల దించుకుని కూర్చుని ఉంటుంది. ఇది చదవడం అయిపోయింది కదా, లేచి ఆ ఇంటికి పోండి.

జై ఆదివాసీ!